పాలీక్లినిక్ ఎంత దూరం?

ప్లాస్టిక్ కవరులో ఈసీహెచ్‌ఎస్ కార్డు, పెన్షన్ ఆర్డరు, అంచులు నలిగిన డిశ్చార్జి బుక్కు, పాత మందుల చీటీలు. నెలకోసారి ఆ కవరు చంకన పెట్టుకుని తెల్లవారకముందే ఇల్లు కదిలే మాజీ సైనికులు మన్యం పల్లెల్లో, నల్లమల అంచున, ఆదిలాబాద్ వైపు ఎందరో. ఊళ్లోంచి ఆటో, రోడ్డెక్కాక బస్సు, పట్నంలో దిగాక మళ్లీ ఆటో. బీపీ, షుగరు మాత్రల కోసం రోజంతా పోతుంది. తీరా కౌంటరు దగ్గరికి వెళ్లాక నాలుగు మందుల్లో రెండు లేవంటే ఇంకో ప్రయాణం.

వీళ్లకు పథకం లేక కాదు. మాజీ సైనికుల కోసం కేంద్రం 2003 ఏప్రిల్ 1న ఈసీహెచ్‌ఎస్ అనే వైద్య పథకాన్ని మొదలుపెట్టింది. రిటైరయ్యేటప్పుడు ర్యాంకును బట్టి ఒక్కసారి రుసుము కడితే పెన్షనరుకూ, జీవిత భాగస్వామికీ జీవితాంతం వైద్యం అందుతుంది. ఆధారపడిన పిల్లలకు, తల్లిదండ్రులకు కూడా వర్తిస్తుంది. 1996కు ముందు రిటైరైనవారికి, యుద్ధంలో భర్తను కోల్పోయినవారికి ఆ రుసుము కూడా లేదు. ముందు పాలీక్లినిక్‌లో డాక్టరు చూస్తారు. అక్కడ కుదరని జబ్బయితే ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి రిఫరల్ రాస్తారు, అక్కడ చేతి నుంచి డబ్బు పెట్టాల్సిన పని ఉండదు. పేదరికం నుంచి సైన్యంలోకి వెళ్లిన జవాను కుటుంబానికి ఇది ఎంత పెద్ద అండో, ఇంట్లో గుండె ఆపరేషన్ అవసరం పడ్డప్పుడు తెలుస్తుంది.

చిక్కంతా ఆ పాలీక్లినిక్ ఎక్కడుందన్న దగ్గరే. మొదట్లో 227 పాలీక్లినిక్‌లకు అనుమతి ఇచ్చారు. 2010లో మరో 199 కలిపి 426 చేశారు. ఎక్కడ పెట్టాలి, ఎంతమంది సిబ్బందిని ఇవ్వాలి అన్నది చుట్టుపక్కల ఉన్న మాజీ సైనికుల సంఖ్యను బట్టే తేలుతుంది. ఇరవై వేలు దాటితే అది ‘ఏ’ రకం. అక్కడి నుంచి సంఖ్య తగ్గేకొద్దీ డాక్టర్లూ తగ్గుతారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ జవాన్లను పంపి మిలిటరీ మాధవరంగా పేరుపడ్డ, తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం లాంటి చోట ఈ లెక్క గట్టిగానే నిలబడుతుంది. గూడేనికొకరుగా చెదిరి ఉన్నవాళ్ల మాటేమిటి? సియాచిన్‌లో కాపలా కాసినవాడు గూడేనికి తిరిగొచ్చాక పదిమంది తోడు లేరు కాబట్టి దూరం నడవాల్సిందేనా?

ఊళ్లో ఒంటరిగా మిగిలిన వృద్ధ వితంతువుల పరిస్థితి ఇంకా కష్టం. భర్త ఉన్నన్నాళ్లూ కాగితాలన్నీ ఆయనే చూసుకున్నాడు. ఇప్పుడు కార్డు ఉందని తెలిసినా పట్నం దాకా తీసుకెళ్లేవాళ్లుండరు.

దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిని ఒప్పందంలోకి తెస్తే సగం బాధ తీరుతుంది. అయితే బిల్లులు నెలల తరబడి ఆగిపోతుంటే చిన్న పట్టణంలోని ఆసుపత్రి తట్టుకోలేదు. బిల్లుల ఆలస్యాన్నీ మందుల కొరతనూ కాగ్ 2015 నాటి నివేదికలోనే ఎత్తిచూపింది. పల్లెలో వైద్యం అందాలంటే ముందు ఢిల్లీలో బిల్లు వేళకు పాస్ కావాలి.

అమెరికాలో ఈ దూరాన్ని నిమిషాల్లో కొలుస్తున్నారు. 2018లో చేసిన మిషన్ చట్టం కింద 2019 జూన్ నుంచి కొత్త ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. మామూలు వైద్యం కోసం సగటున అరగంటకు మించి, స్పెషలిస్టు కోసం గంటకు మించి కారులో వెళ్లాల్సి వస్తే, మాజీ సైనికుడు ప్రభుత్వ ఖర్చుతోనే ఒప్పందం ఉన్న బయటి డాక్టరు దగ్గర చూపించుకోవచ్చు. కెనడా సరిహద్దుకు దగ్గరగా, మోంటానా రాష్ట్రంలో యురేకా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి మాజీ సైనికుల సంఘం భవనంలోనే ఒక గదిని వీడియో వైద్యానికి సిద్ధం చేశారు. ఇంట్లో ఇంటర్నెట్ లేనివాళ్లు అక్కడికొచ్చి డాక్టరుతో మాట్లాడతారు.

మన దేశంలో రక్షణ శాఖ 2021 మే 27న ‘సెహత్’ పేరుతో ఇలాంటి ఆన్‌లైన్ ఓపీడీనే తెచ్చింది. ఫోను వాడటం వచ్చినవారికి అది నిజంగా మేలు. సిగ్నల్ కోసం గట్టెక్కే ఊళ్లో డెబ్బై ఏళ్ల మనిషికి మాత్రం పక్కన కూర్చుని కాల్ కలిపి ఇచ్చేవాళ్లుండాలి. పంచాయతీ ఆఫీసులోనో, మాజీ సైనికుల సంఘం గదిలోనో ఒక తెర, బీపీ చూసే నర్సు ఉంటే చాలా ప్రయాణాలు తప్పుతాయి.

దూరం దాటి వెళ్లిన ఉదాహరణ మనకూ ఉంది. భారత సైన్యంలో పనిచేసి నేపాల్‌లో స్థిరపడ్డ గూర్ఖాల కోసం కాఠ్మాండూ, పోఖ్రా, ధరాన్‌లలో పాలీక్లినిక్‌లు నడుస్తున్నాయి. సరిహద్దు దాటి వెళ్లగలిగినప్పుడు పాడేరు ఘాట్ ఎక్కడం పెద్ద పని కాదు.

మందుల సంగతికొస్తే, దారి ఇప్పటికే వేసి ఉంది. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ కోసం పోస్ట్‌మ్యాన్ 2020 నుంచి ఇంటికొచ్చి వేలిముద్ర తీసుకుంటున్నాడు. ఆ సంచీలోనే నెల మాత్రల పొట్లం కూడా పెట్టి పంపితే, ప్లాస్టిక్ కవరు పట్టుకుని చీకట్లో బస్సు కోసం నిలబడే మనిషి ఆ రోజు ఇంటిపట్టునే ఉండొచ్చు.