పనమ్మాయిని పెట్టుకుంటే పన్ను!

పనిమనిషి రాని రోజు మన అవస్థ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. సింకు నిండా గిన్నెలు, బకెట్టు నిండా బట్టలు! ఎప్పుడొస్తుందా అని గుమ్మంవైపే చూస్తుంటాం. అలాంటిది "ఆమెకు జీతమిస్తే సరిపోదు, పెట్టుకున్నందుకు సర్కారుకి పన్ను కూడా కట్టండి" అంటే ఏమంటారు? నవ్వకండి. రెండొందల ఏళ్ల క్రితం స్కాట్లండ్‌లో నిజంగానే కట్టారు.

ముందు మగ పనివాళ్లతో మొదలైంది. 1777లో అమెరికాతో యుద్ధం ఖర్చు నెత్తిన పడేసరికి, బ్రిటన్ ప్రధాని లార్డ్ నార్త్ ఇళ్లల్లోని మగ పనివాళ్ల మీద తలకి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు, పన్ను వేశాడు. బండి తోలేవాడు, వడ్డించేవాడు, గుర్రాల్ని చూసేవాడు... వీళ్లంతా లెక్కలోకి వచ్చారు. పొలం పనివాళ్లకు మాత్రం పన్ను లేదు. వాళ్లది అవసరం, వీళ్లది దర్జా అన్నమాట!

1785లో ప్రధాని విలియం పిట్ చూపు వంటింటి మీద పడింది. పనమ్మాయి ఒక్కతే ఉంటే ఏడాదికి రెండున్నర షిల్లింగులు. ఇద్దరుంటే తలకి 5, ముగ్గురూ అంతకుమించీ ఉంటే తలకి 10 షిల్లింగులు. ఒకసారి లెక్క వేయండి. ఒకరికి రెండున్నర, ఇద్దరికి 10, ముగ్గురికి ఏకంగా 30! చిన్నపిల్లలున్న ఇళ్లకు కొంత మినహాయింపు ఇచ్చారు. పెళ్లికాని మగవాళ్లకైతే రెట్టింపు వడ్డించారు. తమాషా ఏమిటంటే, ఈ పన్ను వేసిన పిట్ గారు కూడా బ్రహ్మచారే. చివరిదాకా పెళ్లి చేసుకోలేదు!

పన్ను కట్టేది యజమానులే. కానీ దెబ్బ ఎవరికి? ఖర్చు పెరిగితే ముందు మానిపించేది పనిపిల్లనే కదా! బతుకుతెరువు పోతే ఆ పేదపిల్లలు ఎక్కడికి పోతారని అప్పట్లోనే చాలామంది మండిపడ్డారు. చివరికి 1792లో పనమ్మాయిల పన్ను ఎత్తేశారు. మగ పనివాళ్ల పన్ను మాత్రం రకరకాల రూపాల్లో 1937 దాకా సాగింది.

ఇంత చెడ్డపేరు తెచ్చుకున్న పన్ను వల్ల ఒక్క మేలు జరిగింది. పన్ను వసూలు కోసం ఊరూరా జాబితాలు రాశారు. పట్టణాలకు వేరుగా, పల్లెసీమలకు వేరుగా. ఇంటి యజమాని పేరు పక్కనే పనమ్మాయి పేరూ రాశారు. ఆ పుస్తకాలు ఎడిన్‌బరోలోని స్కాట్లండ్ జాతీయ దస్తావేజుల భాండాగారంలో ఈనాటికీ భద్రంగా ఉన్నాయి. తమ ముత్తవ్వల ఆచూకీ వెతుక్కునేవాళ్లకి అవి బంగారమే. పొద్దున్నే లేచి పొయ్యి రాజేసి, నీళ్లు మోసి, ఎవరి పిల్లల్నో ఎత్తుకు తిప్పిన ఆ అమ్మాయిల పేర్లు అలా మిగిలాయి. వాళ్ల గురించి చరిత్ర పుస్తకాలు రాయలేదు, పన్నువాడి పుస్తకం రాసింది.

అయితే ఆ జాబితాల్లో ఇల్లాలి చాకిరీకి మాత్రం చోటు లేదు. పనమ్మాయి చేస్తే లెక్క, అదే పని ఇల్లాలు చేస్తే లెక్కే లేదు! ఈ మాట మనకి కొత్తేం కాదు, కదూ?

చివరగా చిన్న ప్రశ్న. మీ ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఆమె పూర్తి పేరు మీకు తెలుసా? తెలియకపోతే రేపు పొద్దున రాగానే అడగండి. ఇందుకు పన్నేమీ కట్టక్కర్లేదు!