28 గెలుపులు, ఒక్క ఓటమి

బాస్కెట్‌బాల్ మన కాలేజీలకు కొత్త ఆటేమీ కాదు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు, చలికాలంలో హాలు లోపల ఆడుకోడానికని దీన్ని కనిపెట్టాడు. ఆ దేశంలో దీనికి ఎన్నో గొప్ప సీజన్లు ఉన్నాయి. అందులో 1965–66లో టెక్సాస్ వెస్టర్న్ కాలేజీ జట్టు ఆడిన సీజను ప్రత్యేకమైనది. జట్టులోకి ఎవరిని తీసుకోవాలి, ఎవరిని ఆడించాలి అన్న ప్రశ్నకు ఆ కుర్రాళ్ళు కోర్టు మీదే జవాబు చెప్పారు.

ఆ కాలేజీ మెక్సికో సరిహద్దున ఉన్న ఎల్ పాసో నగరంలో ఉంది. 1967 నుంచి దాని పేరు ఎల్ పాసోలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం. అప్పట్లో దక్షిణ రాష్ట్రాల్లోని పెద్ద కాలేజీలు చాలా వరకు తెల్లవారితోనే జట్లు కట్టేవి. నల్లజాతి ఆటగాళ్ళను చేర్చుకున్న చోట కూడా, ఒకేసారి ఇద్దరు ముగ్గురికి మించి కోర్టులో ఉంచకూడదన్న రాయని నియమం ఒకటి నడిచేది. 1961లో కోచ్‌గా వచ్చిన డాన్ హాస్కిన్స్ దాన్ని పట్టించుకోలేదు. డిట్రాయిట్, న్యూయార్క్, గేరీ, హ్యూస్టన్ నగరాల నుంచి కుర్రాళ్ళను తెచ్చాడు. 12 మంది జట్టులో ఏడుగురు నల్లజాతివారు. ఆయన ప్రాక్టీసంటే ఆటగాళ్ళకు హడలు. ముందు ఎదుటివాణ్ణి ఆపడం నేర్చుకోవాలి, తర్వాతే బాస్కెట్లు వేయడం!

సీజను మొదలయ్యాక వరుసగా 23 మ్యాచిలు గెలిచారు. లీగు దశ చివరి మ్యాచిలో మాత్రం సియాటిల్ చేతిలో 74–72తో ఓడారు. అదే మొదటి ఓటమి, అదే ఆఖరి ఓటమి కూడా. జాతీయ టోర్నమెంటులో ఓక్లహామా సిటీని సులువుగానే దాటినా, ఆ తర్వాత గండాలే. సిన్సినాటితో ఓవర్ టైం ఆడి 78–76తో గట్టెక్కారు. కాన్సస్‌తో రెండు ఓవర్ టైంలు! మొదటి ఓవర్ టైం ఆఖరి క్షణంలో కాన్సస్ ఆటగాడు జోజో వైట్ వేసిన బంతి బాస్కెట్‌లో పడింది కూడా. కాని అతని కాలు లైను తాకిందని రిఫరీ దాన్ని కొట్టేశాడు. చివరికి 81–80. ఒక్క పాయింటు. సెమీఫైనల్లో యూటాను 85–78తో ఓడించారు.

1966 మార్చి 19న ఫైనల్. ఎదుట కెంటకీ, దేశంలో నెంబర్ వన్ జట్టు. కోచ్ అడాల్ఫ్ రప్ అప్పటికే నాలుగుసార్లు టైటిల్ గెలిచినవాడు. ఆయన జట్టంతా తెల్లవారే. మొదటి అయిదుగురిలో ఆరడుగుల అయిదంగుళాలు దాటినవాడు లేడు, కాని వేగంలో మహా చురుకు. వేగానికి వేగమే విరుగుడని హాస్కిన్స్ పొడగరి నెవిల్ షెడ్‌ను మొదట పక్కన కూర్చోబెట్టి, 5 అడుగుల 6 అంగుళాల విల్లీ వోర్స్‌లీని దింపాడు. ఆయన దింపిన అయిదుగురూ నల్లజాతివారే. జాతీయ ఫైనల్లో అలా జరగడం అదే మొదటిసారి. మొదటి సగంలో బాబీ జో హిల్ వెంటవెంటనే రెండుసార్లు కెంటకీ చేతిలోంచి బంతి లాక్కుపోయి బాస్కెట్లు వేశాడు. హాఫ్ టైంకు 34–31. చివరికి 72–65తో గెలుపు. హిల్ ఒక్కడే 20 పాయింట్లు చేశాడు.

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. ఫీల్డు నుంచి కెంటకీ 27 బాస్కెట్లు వేస్తే, టెక్సాస్ వెస్టర్న్ వేసినవి 22 మాత్రమే. అప్పటికి మూడు పాయింట్ల గీత లేదు కనుక ప్రతి బాస్కెట్టుకూ రెండే పాయింట్లు. అంటే 54కు 44. మరి గెలుపు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఫ్రీ త్రోల నుంచి! వీళ్ళకు 34 వస్తే 28 వేశారు, కెంటకీకి 13 వస్తే 11. ఎదుటివాళ్ళు ఫౌల్ చేయక తప్పనట్లు బాస్కెట్ దాకా దూసుకుపోవడం, తర్వాత వేలమంది కేకల మధ్య చేయి వణకకుండా బంతి వేయడం – ఇది గాలివాటు గెలుపు కాదు. నల్లజాతివారు గెంతగలరే గాని ఒత్తిడిలో నిబ్బరంగా ఆలోచించి ఆడలేరని ప్రచారం చేసినవారికి ఆ 28 ఫ్రీ త్రోలే సమాధానం.

ఒక్క రాత్రితో లోకం మారలేదు. కాలేజీకి ద్వేషంతో నిండిన ఉత్తరాలు బోలెడు వచ్చాయి. కాని తలుపు తెరుచుకుంది. కెంటకీ ఆడే లీగులోనే, 1967–68లో వాండర్‌బిల్ట్ తరఫున పెర్రీ వాలెస్ ఆడాడు. 1970–71కి రప్ జట్టులోకే టామ్ పేన్ వచ్చాడు. 2007లో నైస్మిత్ పేరిట ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్ టెక్సాస్ వెస్టర్న్ జట్టు మొత్తాన్నీ చేర్చుకుంది. హాస్కిన్స్ మాత్రం తాను చరిత్ర సృష్టించాలనుకోలేదనీ, బాగా ఆడేవాళ్ళనే ఆడించాననీ చివరిదాకా చెబుతూ వచ్చాడు.

వినడానికి చిన్న మాటే. కాని సెలక్షన్ల మర్నాడు నోటీసు బోర్డు ముందు నిలబడి తన పేరు వెతుక్కున్న ప్రతి విద్యార్థికీ అందులోని బరువెంతో తెలుసు. జట్టును ఎంచే పెద్దలు ఆ మాట గుర్తుంచుకుంటే చాలు. ఆడే మిత్రులు మాత్రం సాయంత్రం ప్రాక్టీసు ముగిసి, బూట్లు విప్పబోయే ముందు, ఇంకో పది ఫ్రీ త్రోలు వేసి మరీ ఇంటికి వెళ్ళాలి!