ఆలస్యాన్ని ఎక్కడ కొలవాలి?

జర్మనీలోని బ్రెమెన్ నుంచి దక్షిణ అమెరికాలోని పరాగ్వే రాజధాని అసున్సియోన్‌కు ఒక ప్రయాణికురాలు టికెట్ కొనుక్కుంది. దారిలో పారిస్‌లో ఒకసారి, బ్రెజిల్‌లోని సావోపాలోలో మరోసారి విమానం మారాలి. బ్రెమెన్‌లో మొదటి విమానం దాదాపు రెండున్నర గంటలు ఆలస్యంగా లేచింది. దాంతో పారిస్‌లో ఎక్కాల్సిన విమానం తప్పిపోయింది, ఆపైన సావోపాలోలోదీ పోయింది. అసున్సియోన్‌లో దిగేసరికి చేరాల్సిన వేళ దాటి 11 గంటలైంది. మూడు గంటలు, అంతకు మించి ఆలస్యమైతే నష్టపరిహారం ఇవ్వాలన్నది అప్పటికే యూరప్‌లో స్థిరపడిన నియమం. మరి ఈమెకు జరిగిన ఆలస్యం రెండున్నర గంటలా, పదకొండు గంటలా? మొదటిదైతే చేతికి పైసా రాదు. రెండోదైతే 600 యూరోలు వస్తాయి. 2013 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం రెండో లెక్కనే ఖాయం చేసింది. ఎక్కిన చోట కాదు, చివరికి దిగిన చోట ఆలస్యాన్ని కొలవాలంది.

ఇది ప్రయాణికుల మీద జాలితో ఇచ్చిన తీర్పులా కనబడవచ్చు కానీ, అందులోని తర్కం వ్యాపారానిదే. పారిస్‌లో దిగి మరో విమానం అందుకోవడానికి ఎంతసేపు చాలుతుందో లెక్కగట్టింది ప్రయాణికుడు కాదు. కనెక్షన్‌కు ఉండాల్సిన కనీస వ్యవధి ప్రతి పెద్ద విమానాశ్రయానికీ ముందే ఖరారై ఉంటుంది. దాన్ని బట్టే బుకింగ్ వ్యవస్థ రెండు మూడు విమానాలను ముడివేసి, ఒకే పీఎన్‌ఆర్ కింద, ఒకే ధరకు చూపిస్తుంది. నేరుగా విమానం లేని ఊళ్లవాళ్లను ఒక పెద్ద కేంద్రానికి చేర్చి, అక్కడి నుంచి నాలుగు దిక్కులకూ పంపడం మీదే గల్ఫ్ విమాన సంస్థల వ్యాపారం నిలబడింది. ఆ ముడి వల్ల వచ్చే లాభం సంస్థది అయినప్పుడు, ముడి తెగితే వచ్చే నష్టం ఒక్క ప్రయాణికుడిదే ఎలా అవుతుంది? టికెట్ కొన్నవాడు కొనుక్కున్నది ఊరు చేరడాన్ని. తాళి కట్టే వేళకు పందిట్లో లేనివాడికి, విమానం గంటే కదా లేటయిందని చెప్పి ప్రయోజనం లేదు.

మన దేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, 2010లో ఇలాంటి నియమాలు తెచ్చింది, తర్వాత సవరించింది. విమానంలో సీటు ఖాయమై ఉండీ ఎక్కనివ్వకపోతే గరిష్ఠంగా 20,000 రూపాయల దాకా పరిహారం ఉంది. సకాలంలో చెప్పకుండా విమానం రద్దు చేస్తే, ప్రయాణ వ్యవధిని బట్టి 5,000 నుంచి 10,000 దాకా, లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. ఆలస్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం డబ్బు ఊసే లేదు. కొన్ని గంటలు దాటితే తిండి, ఆరు గంటలు దాటితే మరో విమానం లేదా టికెట్ డబ్బు వాపసు, 24 గంటలు దాటినా, రాత్రి వేళ విమానాలు ఆరు గంటలు దాటినా హోటల్ గది. విచిత్రమేమిటంటే, ఒకే టికెట్ మీద ఉన్న కనెక్షన్ తప్పిపోవడమనే మాట రద్దుకు సంబంధించిన నియమంలో ఉంది. అంటే రాసినవాళ్లకు ఆ సమస్య తెలుసు. కానీ విమానం రద్దు కాకుండా రెండు గంటలు ఆలస్యమై, దానివల్ల ఢిల్లీలో విదేశీ విమానం తప్పిపోతే, మొత్తం ప్రయాణం ఒక రోజు వెనక్కి జరిగినా ఆ నియమాల లెక్కలో అది రెండు గంటల ఆలస్యమే.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఈ తేడా చేతి డబ్బుతో ముడిపడిన సంగతి. పారిస్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్‌కు ఒకే టికెట్ మీద వస్తే యూరప్ చట్టం వర్తిస్తుంది. ప్రాగ్ నుంచి అబూధాబి మీదుగా బ్యాంకాక్ వెళ్లిన ప్రయాణికుల కేసులో, రెండో విమానం యూరప్ బయట, యూరప్‌ది కాని సంస్థ నడిపినా పరిహారం ఇవ్వాల్సిందేనని 2019లో తేలింది. బ్రిటన్‌లోనూ అంతే, లండన్‌లో ఎక్కి దుబాయ్‌లో కనెక్షన్ పోగొట్టుకుని నాలుగు గంటలకు పైగా ఆలస్యంగా శంషాబాద్‌లో దిగితే 520 పౌండ్లు అడగవచ్చు. అదే యూరప్‌ది కాని సంస్థ విమానాల్లో దోహా మీదుగా హైదరాబాద్ నుంచి పారిస్ వెళ్తే యూరప్ చట్టం వర్తించదు. మరీ చిత్రం, హైదరాబాద్‌లో ఎక్కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారి డల్లాస్ వెళ్లే తల్లిదండ్రులది. విమానం జర్మన్ సంస్థది, మారింది జర్మనీలో, అయినా బయలుదేరిందీ చేరిందీ యూరప్ బయటే కనుక, అలాంటి ఒకే బుకింగ్‌కు ఆ చట్టం వర్తించదని 2022లో అదే న్యాయస్థానం చెప్పింది. వాళ్లకు మిగిలేది 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. భారత్ అందులో 2009లో చేరింది. దాని కింద ముందే కట్టిన ధర ఉండదు. హోటల్, తిండి, మళ్లీ కొన్న టికెట్ వంటి నిజమైన ఖర్చు రుజువు చేసుకోవాలి, రెండేళ్లలోపు దావా వేయాలి. సహేతుకమైన చర్యలన్నీ తీసుకున్నామని సంస్థ నిరూపిస్తే అదీ రాదు. రసీదులు పారేసుకోని ఓపికమంతులకే పనికొచ్చే హక్కు అది.

యూరప్‌లోలా మన దగ్గరా ఆలస్యానికి పరిహారం పెడితే ఛార్జీలు పెరుగుతాయంటారు. కొంత పెరుగుతాయి, కాదనలేం. అయితే ఇప్పుడూ ఆ ఖర్చు ఎవరో ఒకరు భరిస్తూనే ఉన్నారు. వందమందిలో కనెక్షన్ పోయిన ఇద్దరు మొత్తం మోస్తారు. దాన్ని వందమందికీ పంచడమే పరిహారం చేసే పని. 2005లో అమల్లోకి వచ్చిన చట్టం కిందే యూరప్‌లో చౌక విమానాలు విస్తరించాయన్నదీ మరవకూడదు. పొగమంచుకు, తుపానుకు మమ్మల్నెందుకు బాధ్యులను చేస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. అందుకే అసాధారణ పరిస్థితులకు యూరప్‌లోనూ మినహాయింపు ఉంది. కానీ మామూలు సాంకేతిక లోపం ఆ కోవలోకి రాదని 2008లోనే తేల్చారు. యంత్రం చెడిపోవడం విమానాలు నడిపేవాడి వ్యాపారంలో భాగమే. పరిహారం భయంతో పైలట్లు తొందరపడతారన్న మాట కాస్త ఆలోచించదగ్గది. దానికి విరుగుడు సంస్థ చేతిలోనే ఉంది: కనెక్షన్‌కు గంటకు బదులు రెండు గంటలు ఇచ్చి అమ్మాలి. అయినా నియమాన్ని సడలించాలన్న ఒత్తిడి తగ్గలేదు. 2025 జూన్‌లో యూరప్ సభ్యదేశాల మంత్రులే మూడు గంటల గడువును దూరాన్ని బట్టి నాలుగు, ఆరు గంటలకు పెంచాలన్నారు.

వేర్వేరు టికెట్లు కొని తామే కనెక్షన్ కుదుర్చుకునేవాళ్ల సంగతి వేరు. అక్కడ ముడి వేసింది ప్రయాణికుడే కనుక పై వాదన వాళ్లకు పనిచేయదు. అలాగని వాళ్లకు దారులన్నీ మూసుకుపోలేదు. అజ్మీర్ నుంచి జమ్మూ వెళ్లే రైలు దాదాపు నాలుగు గంటలు ఆలస్యమై, జమ్మూలో శ్రీనగర్ విమానం తప్పిపోయిన కుటుంబానికి టాక్సీ ఖర్చుతో సహా పరిహారం ఇవ్వాల్సిందేనని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అంది. రైలు టికెట్‌కూ విమానం టికెట్‌కూ ఏ సంబంధమూ లేదు. ఆలస్యానికి కారణం చెప్పుకోవాల్సిన భారం రైల్వేదనీ, అది చెప్పలేకపోయిందనీ కోర్టు తేల్చింది. ఇది విమానయాన నియమాల కింద వచ్చిన తీర్పు కాదు, సేవాలోపమన్న కారణంతో వినియోగదారుల చట్టం కింద వచ్చింది. ఆ చట్టానికి 2019లో వచ్చిన కొత్త రూపం ప్రకారం దేశంలోపలి ప్రయాణాల కేసు వేయడానికి సంస్థ ఆఫీసున్న నగరానికి పోనక్కర్లేదు. ఫిర్యాదుదారు కాకినాడలో ఉంటే కాకినాడలో, కరీంనగర్‌లో ఉంటే కరీంనగర్‌లో, జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. టికెట్‌కు చెల్లించినది 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు.