మీకు తెలుసా? తిథికి 24 గంటల లెక్క లేదు

గోడ క్యాలెండర్‌లో తేదీ కింద చిన్న అక్షరాల్లో ‘విదియ ఉ. 9.42’ అని ఉంటే, విదియ ఆ వేళకు మొదలవుతుందని కాదు, ముగుస్తుందని. ఆ తర్వాత తదియే.

సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ఎడం జరగడానికి పట్టే కాలమే ఒక తిథి. చంద్రుడి నడక రోజూ ఒకేలా ఉండదు. అందుకే ఒక తిథి సుమారు 20 గంటల్లో అయిపోతే, మరొకటి 26 గంటల దాకా సాగుతుంది. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు అదే పేరు. పొద్దుపొడిచాక వచ్చి, మర్నాడు తెల్లవారకముందే వెళ్లిపోయే తిథికి సొంత రోజే దక్కదు, పాపం. అది క్షయ తిథి. రెండు సూర్యోదయాలను చూసేది వృద్ధి తిథి. పండుగలన్నిటికీ సూర్యోదయమే కొలత అనుకోకండి: దీపావళికి ప్రదోష వేళ, శివరాత్రికి అర్ధరాత్రి, వినాయక చవితికి మధ్యాహ్నం చూస్తారు. ‘పండుగ ఇవాళా, రేపా?’ అనే వాదన చాలాసార్లు పుట్టేది ఇక్కడే.

సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది అని చాలామందికి కంఠతా వచ్చు. అది ఆరింటికి పొద్దుపొడిచి, ఆరింటికి కుంగే రోజు లెక్క. అసలైతే పగటిని ఎనిమిది భాగాలు చేసి, వారాన్ని బట్టి ఒక భాగం తీసుకోవాలి. విశాఖలో హైదరాబాద్ కంటే దాదాపు 19 నిమిషాలు ముందే తెల్లవారుతుంది కాబట్టి అక్కడ రాహుకాలమూ ముందే. ఇక డాలస్‌లో ఉండి విజయవాడ క్యాలెండర్ చూసుకుంటే చెప్పేదేముంది! వర్జ్యం మాత్రం పగలూ రాత్రీ చూడదు. నక్షత్రాన్ని బట్టి వస్తుంది, సుమారు నాలుగు ఘడియలు, అంటే 96 నిమిషాలు ఉంటుంది.