తప్పు తీగలోనా, తైలంలోనా?

1970లలో ఒక వానాకాలపు రాత్రి. గూడ్సుబండిని లాగుతూ ఖరగ్‌పూరు నుంచి దక్షిణంగా పోతున్న డీజిల్ ఇంజను స్టేషనుకు స్టేషనుకు నడుమ హఠాత్తుగా నీరసించిందనుకుందాం. ఇంజను ఆగలేదు, గుడగుడమని తిరుగుతూనే ఉన్నది. కాని చక్రాలకు బలం అందడం లేదు. వెనుక మెయిలు వస్తున్నది. డ్రైవరు చేతిలో ఉన్నవి కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాలలో అతడు తేల్చుకోవలసిన సంగతి ఒక్కటే. తప్పు విద్యుత్తు తీగలలో ఉన్నదా, ఇంధన తైలపు గొట్టాలలో ఉన్నదా?

ఈ ప్రశ్నతో బ్రతుకంతా గడిపినవారు ఖరగ్‌పూరులో ఎందరో ఉన్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ నెలకొల్పిన వర్క్‌షాపు ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్ళలోనే పనికి దిగింది. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి కూలి వెదుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు ఆ రైల్వేతోపాటే ఈ గడ్డమీద పాతుకున్నాయి. ఝపటాపూర్ వంటి పేటలలో తెలుగు మాట వినబడటం ఇక్కడ వింత కాదు. ఆవిరి ఇంజనుకు జబ్బు చేస్తే అది కంటికి కనబడేది, చెవికి వినబడేది. ఆవిరి కారితే బుస్సుమనేది. డీజిలు అట్లా కాదు. అది తన జబ్బును దాచుకుంటుంది. అంతేకాదు, ఒక జబ్బుకు మరొక జబ్బు వేషం కడుతుంది.

ఈ తికమక ఎందుకు వస్తుందో తెలియాలంటే ఇంజను పొట్టలోకి తొంగిచూడాలి. భారతీయ రైల్వేలను దశాబ్దాలపాటు మోసిన డబ్ల్యు.డి.ఎం.-2 జాతిని తీసుకుందాం. మొదటివి 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. 16 సిలిండర్లు, 2600 అశ్వశక్తి. డీజిలు నేరుగా చక్రాలను తిప్పదు. అది జనరేటరును తిప్పుతుంది. జనరేటరు పుట్టించిన కరెంటు ఆరు ట్రాక్షన్ మోటార్లకు పోయి ఇరుసులను తిప్పుతుంది. ప్రతి సిలిండరుకూ ఒక ఇంజెక్షన్ పంపు, ఒక నాజిల్. చదరపు అంగుళానికి సుమారు 4000 పౌండ్ల ఒత్తిడి వస్తేగాని నాజిల్ నోరు తెరవదు. తెరిచినప్పుడు తైలం పొగమంచువలె చిమ్మాలి. బొట్లుబొట్లుగా కారితే కీడు మొదలైనట్లే.

అసలు చిక్కు ఇక్కడున్నది. టాంకులోని తైలాన్ని పైకి తోడి ఆ పదహారు పంపులకు అందించే బూస్టరు పంపును తిప్పేది ఒక విద్యుత్తు మోటారు! ఆ మోటారుకు కరెంటు అందకపోతే ఇంజను తైలం చాలనట్లే ఆగిపోతుంది. కొత్త ఫిట్టరు ఫిల్టర్లు విప్పి కడుగుతూ కూర్చుంటాడు. అనుభవజ్ఞుడు ముందు చెవి ఒగ్గి వింటాడు. తైలపు ఒత్తిడి ముల్లు పడిపోయి, మోటారు కూడా నిశ్శబ్దంగా ఉంటే తప్పు కరెంటుది. ముల్లు పడిపోయినా మోటారు తిరుగుతూనే ఉంటే, మూసుకుపోయిన ఫిల్టరో, గొట్టంలో చేరిన గాలియో, మోటారుకూ పంపుకూ నడుమ విరిగిన కప్లింగో కారణం. ఒక్క శబ్దం సగం వెదుకులాటను తప్పిస్తుంది.

ఇంజను స్టార్టయ్యే వేళ కూడా ఇదే మోసం. బ్యాటరీల కరెంటుతో జనరేటరే మోటారుగా మారి ఇంజనును తిప్పుతుంది. 64 వోల్టుల ఆ బ్యాటరీలు బలహీనపడితే ఇంజను మెల్లగా తిరుగుతుంది. సిలిండరులో గాలి చాలినంత వేడెక్కదు. కాలని తైలం తెల్లపొగగా బయటికి వస్తుంది. పొగను చూసినవాడు నాజిళ్ళను అనుమానిస్తాడు. నేరం బ్యాటరీది.

మన గూడ్సు డ్రైవరు మాటకొస్తే, ఇంజను తిరుగుతూ బలం మాత్రం పోయినప్పుడు ముందుగా చూడవలసినది గ్రౌండ్ రిలే. వానతడి వలననో, ఒరుసుకుపోయిన కేబులు వలననో విద్యుత్తు ఇంజను చట్రంలోకి దారి తీస్తే ఈ రిలే పడిపోతుంది. గంట మ్రోగుతుంది, భారం తొలగుతుంది, ఇంజను ఐడిల్‌కు దిగుతుంది. రిలేను ఒకసారి తిరిగి నిలపవచ్చు. మరల మరల పడుతుంటే తప్పున్న మోటారును వేరుచేసి మిగిలిన వాటితో బండిని గట్టెక్కించాలి. రిలే నోరు నొక్కి సాగిపోవాలనే ఆశ మాత్రం ప్రమాదకరం. తీగలకు నిప్పంటుకునేది అట్లాగే.

తైలం వైపు పరీక్షలో షెడ్డువారి పద్ధతి నాడి చూడటం వంటిది. ఇంజను తిరుగుతుండగా ఒక్కొక్క పంపుకే తైలం ఆపుతారు. శబ్దం కుంటుపడితే ఆ సిలిండరు మంచిదే. ఏమీ మారకపోతే అది ముందునుంచే పనిచేయడం లేదన్నమాట. పొగ రంగు మరికొంత చెబుతుంది. నలుపైతే గాలి చాలలేదు, లేదా తైలం సరిగా చిమ్మలేదు. నీలమైతే కందెన మండుతున్నది. చిమ్మే తైలానికి చేయి అడ్డుపెట్టడం ఎన్నటికీ కూడదు. ఆ ఒత్తిడికి తైలం చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది.

కారే నాజిల్ కలిగించే అసలు నష్టం వేరు. కాలని డీజిలు సిలిండరు గోడలవెంట దిగి కందెనలో కలుస్తుంది. కందెన పలచబడుతుంది, బేరింగులు వేడెక్కుతాయి, క్రాంక్ కేసులో మండే ఆవిరి నిండుతుంది. ఆ ఆవిరిని బయటికి లాగే పంకా ఉన్నది. అదీ విద్యుత్తుతో నడిచేదే! వేడిమీదున్న ఇంజను క్రాంక్ కేసు తలుపు తెరవరాదన్న కట్టడి అందుకే. షెడ్డు ప్రయోగశాలలో కందెన చిక్కదనాన్నీ, అందులోని ఇనుము, రాగి, సీసపు పాళ్ళనూ పరీక్షించి జబ్బును ముందే పసిగడతారు.

ఈ జంట జబ్బు రైలింజనుకే పరిమితం కాదు. 1975 నుంచి అమెరికాలో అమ్మిన ఫోక్స్‌వ్యాగన్ వ్యానులలో, విహారయాత్రికులు పక్కలు, పొయ్యి అమర్చుకొని ఇల్లుగా వాడుకొన్న బండ్లవి, బాష్ వారి ఎలెక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉండేది. లోనికి పోయే గాలి ఒక రేకును కదిపితేగాని పెట్రోలు పంపు తిరగదు. గాలి గొట్టంలో చీలిక వచ్చినా, ఎర్త్ తీగ తుప్పుపట్టినా బండి పెట్రోలు లేనట్లే మొరాయించేది. పాత వ్యాను కొన్నవారు ఇంజెక్టర్లు మార్చి డబ్బు పోగొట్టుకునే ముందు ఆ తీగ కొసలను గీకి చూడటం మేలు.

తరువాతి డీజిళ్ళకు మైక్రోప్రాసెసరు వచ్చి తప్పులను తానే నమోదు చేసింది. విద్యుదీకరణతో డీజిళ్ళ రాజ్యమే కుదించుకుపోయింది. అయినా తైలపు ఒత్తిడి తగ్గిందని తెర చెప్పినప్పుడు, ఆ మోటారు దగ్గర చెవి పెట్టవలసినవాడు మనిషే.

మరమ్మతు ముగిసిన ఇంజనును వెంటనే బండికి తగిలించరు. లోడ్ బాక్సుకు కలుపుతారు. ఇంజను నిలిచినచోటే నిలిచి, తన కరెంటునంతా అందులో వేడిగా ఖర్చుచేస్తుంది. నిముషానికి 400 చుట్ల నుంచి 1000 చుట్ల వరకు మెట్టు మెట్టుగా వేగం పెంచుతారు. ఒకరు కొలతలు వ్రాసుకుంటారు, మరొకరు పొగగొట్టం వైపు చూస్తుంటారు. ఎనిమిదవ నాచిలో కూడా ముల్లు వణకక, పొగ నల్లబడక నిలిస్తేనే రిజిస్టరులో సంతకం పడుతుంది.