మట్టిగడ్డ లేని మల్బరీ మొక్క: నాటుట, సంరక్షణ

కృష్ణగిరి జిల్లాలో మొక్క అనగానే మామిడి అంటు గుర్తుకు వస్తుంది. సంచిలోని మట్టితోనే నాటుతారు కనుక అంటు వేళ్లకు పెద్దగా దెబ్బ తగలదు. మల్బరీ విషయం వేరు. కొమ్మ ముక్కలను నారుమడిలో నాటి, కొన్ని నెలలు పెంచి, మట్టి లేకుండా పెకలించి ఇస్తారు. పట్టు పరిశ్రమకు పేరుపొందిన ఈ ప్రాంతంలో, హోసూరులోనే, మల్బరీ రకాలను భద్రపరచే కేంద్ర పట్టు మండలి సంస్థ ఉన్నది. పట్టుపురుగులు పెంచకపోయినా, నీడకూ పండ్లకూ ఇంటి ఆవరణలో ఒక చెట్టు చాలు. నర్సరీలో తమిళంలో ‘ముసుక్కొట్టై’ అనీ, కన్నడంలో ‘హిప్పునేరళె’ అనీ అడగవచ్చు.

నీటిని పీల్చేవి వెంట్రుకల వంటి సన్నని వేళ్లు. ఎండగాలి తగిలితే అవి త్వరగా ఆరిపోతాయి. కాండంలోని తేమ వలన మొక్క మరికొన్ని దినాలు పచ్చగానే కనిపిస్తుంది. తరువాత వాడినపుడు నీరు చాలలేదని భావిస్తారు. నష్టం మాత్రం తెచ్చిననాడే జరిగి ఉంటుంది. కనుక వేళ్లను తడి గోనెపట్టలో చుట్టి తీసుకొనిరావలెను.

వానలు మొదలైన తరువాత, సాయంకాలం నాటుట మేలు. ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు గల గుంటను ముందే తవ్వి ఉంచవలెను. వేళ్లను అరగంట నీటిలో ఉంచి, విరిగినవాటిని కత్తిరించవలెను. ఆకులు చాలావరకు తీసివేసి, కొనను కొంత కత్తిరిస్తే వేళ్లపై భారం తగ్గుతుంది. మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, వేళ్లను మడవకుండా పరచి, నారుమడిలో ఉన్న లోతుకే నాటవలెను. గాలి ఖాళీలు మిగలకుండా మట్టిని అదిమి, వెంటనే నీరు పోయవలెను. గాలికి ఊగకుండా కర్రకు వదులుగా కట్టవలెను. విద్యుత్ తీగల క్రింద నాటరాదు.

తొలి వేసవి అసలైన పరీక్ష. ప్రతిదినం పైపైన చల్లుటకంటె, వారానికి రెండుసార్లు లోతుగా తడుపుట మంచిది. మొదలు చుట్టూ ఎండుటాకులు పరచి, కాండానికి తగలకుండా చూడవలెను.

మొక్క ఎండినట్లు కనిపించినా తొందరపడి పీకరాదు. బెరడును గోటితో కొద్దిగా గీరి చూస్తే, లోపల పచ్చదనం ఉన్నంతవరకు అది చిగురించే అవకాశం ఉన్నది.