గుర్రానికి ఆయాసం: కింద ఏం పరవాలి?

మా చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్క ఇంట్లో గుర్రం ఉంది. తెల్లటి ఆడగుర్రం. ఒకప్పుడు ఆమె మామగారు జట్కా తోలేవారు. ఆటోలు వచ్చాయి, జట్కా మూలపడింది. ఇప్పుడు ఇంట్లో ఉన్న గుర్రం పెళ్లి ఊరేగింపులకు పోతుంది. పెళ్లిళ్ల నెలల్లో వచ్చే డబ్బే ఆ ఇంటికి ఏడాదంతా ఆధారం.

పోయిన వానాకాలంలో గుర్రానికి దగ్గు పట్టుకుంది.

"చలి చేసిందనుకున్నాం టీచరమ్మా. కింద ఇంకో రెండు మోపులు వరిగడ్డి పరిచాం. దగ్గు తగ్గలేదు సరికదా, ఆయాసం కూడా వచ్చింది. మా ఆయన అమ్మేద్దామంటున్నాడు" అంది అక్క. ఆ రోజు ఆమె పలక తీయనే లేదు.

పశువుల డాక్టరు గారు వచ్చారు. గుర్రాన్ని చూశారు. తర్వాత కింద పరిచిన గడ్డిని పిడికెడు ఎత్తి వాసన చూశారు. "మందు ఇస్తాను. కానీ ముందు ఈ గడ్డి తీసేయండి" అన్నారు.

ఎందుకలా అన్నారు?

గడ్డికి చెమ్మ తగిలితే బూజు పడుతుంది. బూజు నుంచి సన్నటి పొడి లేస్తుంది. అది కంటికి కనపడదు. గుర్రం మనలా నోటితో గాలి పీల్చలేదు, ముక్కుతోనే పీల్చాలి. తల వంచి మేసినా, పడుకున్నా ముక్కు ఆ గడ్డి దగ్గరే ఉంటుంది. కొన్ని గుర్రాలకు ఆ పొడి పడదు. ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. లోపల కళ్లె చేరుతుంది. మన ఉబ్బసం లాంటిదే ఇది. పాపం, ప్రేమతో పరిచిన గడ్డే దాని ఊపిరికి అడ్డం పడింది.

ఈ జబ్బును ఎలా గుర్తుపట్టాలి? ఊరికే నిలబడిన గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. జబ్బు ముదిరితే అంతకంటే ఎక్కువ సార్లు తీస్తుంది. ముక్కుపుటాలు విప్పారుతాయి. ఊపిరి వదిలేటప్పుడు డొక్కలు ఎగరేస్తుంది. మామూలుగా జ్వరం ఉండదు. జ్వరం ఉండి, ముక్కు నుంచి చీము కారినా, ఒంటిమీద పుళ్లు లేచినా అది వేరే జబ్బు కావచ్చు. గ్లాండర్స్ అనే జబ్బు మనుషులకూ అంటుకుంటుంది, ప్రాణం తీస్తుంది. అలాంటప్పుడు గుర్రాన్ని వేరుగా కట్టి, వెంటనే పశువుల ఆసుపత్రికి కబురు చేయాలి.

సరే, గడ్డి తీసేశాక కింద ఏం వేయాలి? ఏమీ వేయకపోతే కుదరదా? కుదరదు. గుర్రం నిలబడే కునుకు తీస్తుంది గానీ, గాఢంగా నిద్రపోవాలంటే పడుకోవాల్సిందే. గట్టి నేల మీద మోకాళ్లు కొట్టుకుపోతాయి.

అక్క మొదట ఊక తెచ్చింది. ఊరికే వస్తుంది కదా! బస్తా గుమ్మరించగానే పాకంతా దుమ్ము. ఇద్దరూ దగ్గారు, అక్కా, గుర్రమూ. రంపం పొట్టు కూడా అంతే. పిండిలా ఉంటుంది.

వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా పేళ్లు రాలతాయి. అవి మేలు. మెత్తగా ఉంటాయి, తడి పీలుస్తాయి, దుమ్ము తక్కువ. కానీ వడ్రంగి రెండూ కలిపి బస్తాలో నింపుతాడు. బయటే జల్లెడ పట్టి, పెద్ద పేళ్లే లోపలికి తేవాలి. ప్లైవుడ్‌వీ, మందు పూసిన చెక్కవీ వద్దు. పాత పేపర్లు ముక్కలు చేసి వేసినా దుమ్ము లేవదు. అయితే తొందరగా ముద్దవుతాయి. ఇసుకకు బూజు పట్టదు గానీ, దాని మీద మేత వేస్తే ఇసుక కడుపులోకి పోయి నొప్పి వస్తుంది. మేత తొట్టిలోనే పెట్టాలి. డబ్బుంటే రబ్బరు చాప కొని, పైన కొంచెం పేళ్లు చల్లడం మంచిది. అక్క దగ్గర అంత డబ్బు లేదు.

ఏది వేయాలో తెలియకపోతే ఒక పని చేయండి. కిటికీలోంచి ఎండ పడేచోట గుప్పెడు పైకి ఎగరేయండి. వెలుగులో దుమ్ము ఎంత లేస్తుందో మీకే కనిపిస్తుంది.

ఏం పరిచినా తడిసింది రోజూ తీసేయాలి. ఉచ్చ నిలిస్తే ఘాటు వాసన వస్తుంది. వంగి చూస్తే కళ్లు మండుతాయి. ఆ ఘాటు కూడా ఊపిరికి చెడుపే. లద్దె తీసేటప్పుడు గుర్రాన్ని బయట కట్టాలి. దుమ్ము అణిగాకే లోపలికి తేవాలి. మీరు కూడా ముక్కుకు కొంగు కట్టుకోండి. బూజు గడ్డి దుమ్ము మనుషుల ఊపిరితిత్తులనూ పాడుచేస్తుంది.

ఇక్కడ అక్క ఒక పొరపాటు చేసింది. కింద అన్నీ మార్చింది గానీ, పాకలో అటక మీద ఎండుగడ్డి అలాగే ఉంచింది. అది రాలుతూనే ఉంది, దగ్గు తగ్గలేదు. దాన్ని దించి దూరంగా వాము వేశాకే మార్పు కనిపించింది. తినే ఎండుగడ్డిని అరగంట నీళ్లలో నానబెట్టి, వెంటనే పెట్టింది. నానిన గడ్డి ఎండకు పులుస్తుంది, నిలవ ఉంచకూడదు. గాలి ఆడేందుకు పాక గోడకు పైన కన్నం కొట్టించింది.

రెండు మూడు వారాలకు ఆయాసం తగ్గింది. జబ్బు పూర్తిగా పోదని, మళ్లీ దుమ్ము తగిలితే మళ్లీ వస్తుందని డాక్టరు గారు చెప్పారు. అమ్మే మాట మాత్రం ఇప్పుడు ఆ ఇంట్లో లేదు.

మొన్న నేను వెళ్లినప్పుడు పాక తలుపు మీద సుద్దముక్కతో రాసి ఉంది: "గురం లోపల ఉంటే ఊడవ వద్దు." ర కింద వత్తు లేదు. "మా ఆయన కోసం రాశాను టీచరమ్మా" అంది అక్క.